మునిగిన ఊరి మీదుగా ఒక రోజు

సముద్రమంటే మన కోస్తా జిల్లాల వారికి ముందుగా జ్ఞాపకం వచ్చేది హోరు. భీమునిపట్నంలో నిలుచున్నా, మంగినపూడిలో నిలుచున్నా అల వచ్చి విరిగి, కాలికింది ఇసుకను లాక్కుని పోతుంది. మధ్యధరా సముద్రం తీరు వేరు. మూడు ఖండాల నడుమ ఇమిడిన పెద్ద చెరువు వంటిది అది. పడమట జిబ్రాల్టర్ వద్ద సుమారు 14 కిలోమీటర్ల వెడల్పు గల సందు ఒక్కటే దానికి మహాసముద్రంతో ప్రకృతి ఇచ్చిన దారి. అందుచేత చాలా తీరాలలో ఆటుపోట్లు జానెడో రెండు జానలో మాత్రమే. తూర్పు భాగంలో నీటికి సారం తక్కువ. సారం తక్కువ గనుక కంటికి కనిపించని నాచు తక్కువ. నాచు తక్కువ గనుక నీరు అద్దమంత తేట. చేపలు పట్టేవాడికి ఇది లోటే గాని, చూడవచ్చిన వాడికి వరం. ఆ తేటనీటి అడుగున ఒక ఊరి గోడలు కనిపిస్తాయంటే ఎవరికి మాత్రం చూడాలనిపించదు?

ఆ ఊరు టర్కీ దేశపు దక్షిణ తీరాన, కెకోవా అనే దీవి పక్కన ఉన్నది. వేసవి సెలవుల్లో మేము, అనగా నేను, మా ఆవిడ, పదమూడేళ్ళ మా అమ్మాయి, కాష్ అనే చిన్న పట్టణంలో నాలుగు రోజులు బస చేశాము. కాష్ అంటే టర్కీ భాషలో కనుబొమ. వెనుక తారస్ పర్వతాలు గోడ కట్టినట్టు నిలిచి ఉంటాయి. ఎదుట కొద్ది దూరంలోనే గ్రీసు దేశపు దీవి ఒకటి కనిపిస్తుంది. రేవులో సాయంత్రం పూట పడవలు వరుసగా కట్టి ఉంటాయి. మరునాటి ప్రయాణానికి అక్కడే మాట్లాడుకోవచ్చు. పొద్దున పది గంటలకు బయలుదేరి, పొద్దుగూకే లోపల తిరిగి వస్తారు. మధ్యాహ్న భోజనం పడవలోనే.

పడవ అన్నానే గాని, మన గోదావరి లాంచీ కన్న దర్జా అయినది. అంతా కొయ్య పని. ఇటువంటి వాటిని గులెత్ అంటారు. తెరచాప కొయ్య నిలబెట్టి ఉంటుంది గాని నడిచేది ఇంజనుతోనే. పైకప్పు మీద పరుపులు పరిచి ఉన్నవి. ఎండకు గుడ్డ పందిరి. ఇరవై మందిమి ఎక్కి ఉంటాము. సరంగు యాభై ఏళ్ళవాడు, మాటకు ముందు మీసం దువ్వుకునే మనిషి. వంటవాడు అతని తమ్ముడు. అందరూ అతన్ని 'కప్తాన్' అని పిలుస్తుంటే మేమూ అదే అలవాటు చేసుకున్నాము.

గంట సేపు కొండలు పక్కన నడుస్తూ ఉన్నవి. చేయవలసిన పని ఏమీ లేదు. మా ఆవిడ పరుపు మీద వెల్లకిలా పడుకుని, "ఏమండీ, పొయ్యి ముట్టించకుండా పది గంటలు దాటడం పెళ్ళయిన తరువాత ఇదే మొదలు" అన్నది.

దారిలో ఒక కొండ కొమ్ము సముద్రంలోకి పొడుచుకు వచ్చింది. దాని పేరు ఉలుబురున్. బురున్ అంటే ముక్కు. కనుబొమ నుంచి బయలుదేరి ముక్కు దగ్గరకు వచ్చామన్నమాట! 1982లో స్పంజీలు ఏరే గజ ఈతగాడు ఒకడు ఈ కొమ్ము కింద చెవులున్న బిస్కట్ల వంటి లోహపు ముక్కలను చూచాడు. అవి సుమారు 3300 సంవత్సరాల కిందట మునిగిన ఓడలోని రాగి దిమ్మలు. 1984 నుంచి 1994 దాకా పదకొండు వేసవులు, 22,413 సార్లు నీట మునిగి ఆ సరుకును పైకి తెచ్చారు. పది టన్నుల రాగి, ఒక టన్ను తగరం! ఆ పాళ్ళలో కరిగించి కలిపితే కంచు అవుతుంది. ఏనుగు దంతం, గాజు దిమ్మలు, కరక్కట్టె కూడా దొరికాయి. ఇవన్నీ ఇప్పుడు బోద్రుమ్ పట్టణపు కోటలో ఉన్న వస్తుప్రదర్శనశాలలో చూడవచ్చు. మా పడవ ఆ చోటు దాటేటప్పుడు పైన మాత్రం నీరు నిశ్చింతగా మెరుస్తున్నది.

పన్నెండు దాటిన తరువాత ఒక కొండ మలుపులో, నీరు కదలని చోట, లంగరు వేశారు. ఈతగాళ్ళు దబదబా దూకారు. మా అమ్మాయి మెల్లగా మెట్లు దిగి, రెండు నిమిషాలలో, "నాన్నా, ఊరికే తేలిపోతున్నాను!" అని కేక వేసింది. అందులో వింత లేదు. ఇక్కడ కిలో నీటికి సుమారు 39 గ్రాముల ఉప్పు. మన బంగాళాఖాతానికి గంగ, గోదావరి, కృష్ణ మంచినీళ్ళు తెచ్చి పోస్తాయి గనుక అంత ఉప్పదనం ఉండదు. ఇక్కడ ఎండ నీటిని తాగినంతగా నదులు తెచ్చి పొయ్యవు.

తరువాత భోజనం. మేము శాకాహారులమని ముందే చెప్పి ఉంచాము. మిగిలిన వారికి నిప్పుల మీద కాల్చిన చేపలు. మాకు గోధుమనూక పిలావు, ద్రాక్షాకులలో అన్నం చుట్టి ఉడికించిన చుట్టలు, కీరదోసకాయ, వెల్లుల్లి, పుదీనా కలిపిన పెరుగు. "పెరుగుపచ్చడే! పోపు ఒక్కటే తక్కువ" అని మా ఆవిడ తీర్పు చెప్పింది. ఆ పైన నడుము సన్నని గాజు గ్లాసులలో పాలు లేని టీ.

మధ్యాహ్నం రెండు గంటలకు కెకోవా దీవి ఉత్తరపు ఒడ్డుకు చేరాము. ఇంజను చప్పుడు తగ్గింది. "ఇక్కడ ఆగము. లంగరు వెయ్యము. ఎవరూ నీళ్ళలోకి దిగకూడదు" అని సరంగు ముందే హెచ్చరించాడు. 1990 నుంచి ఈ ప్రాంతమంతా ప్రత్యేక రక్షణ కింద ఉన్నది. మునిగిన శిథిలాల మీద ఈదడం, మునకలు వెయ్యడం నిషేధం.

కొండను తొలిచి చేసిన మెట్లు ముందుగా కనిపించాయి. పది మెట్లు గాలిలో, తరువాతి మెట్లు నీటిలో. ఎవరో ఇంటి నుంచి రేవుకు బిందెతో దిగినట్టే దిగి, నీలి రంగులో కలిసిపోయాయి. గుమ్మం ఒకటి, పైన ఆకాశం తప్ప ఇల్లు లేదు. సగం గోడలు, దూలాల కోసం రాతిలో తొలిచిన రంధ్రాలు, నీటి అడుగున గదుల చదరాలు, పగిలిన కుండల పెంకులు. ఇరవై మందిలో ఒక్కరూ మాట్లాడలేదు.

ఈ చోటును ఆ దేశస్థులు 'బతుక్ షెహిర్' అంటారు. షెహిర్ మన హైదరాబాదు వారి షహరే. బతుక్ అంటే మునిగినది. తెలుగు చెవికి మాత్రం ఆ మాట మరొక విధంగా వినిపిస్తుంది. "మునిగిన దానికి బతుకని పేరా!" అన్నది మా ఆవిడ. మా అమ్మాయి మెల్లగా, "వాళ్ళంతా మునిగిపోయారా నాన్నా?" అని అడిగింది.

చదివినంతలో దానికి చెప్పిన సమాధానం ఇది. ఈ తీరానికి పూర్వం లిసియా అని పేరు. క్రీస్తు శకం రెండవ శతాబ్దంలో పెద్ద భూకంపాలు వచ్చి ఒడ్డు కుంగింది. 141లో వచ్చిన భూకంపానికి లిసియాలో ఎన్నో పట్టణాలు దెబ్బతిన్నాయి. ఒప్రమోవాస్ అనే ధనికుడు వాటిని తిరిగి కట్టుకునేందుకు ఊరూరికీ డబ్బు ఇచ్చాడు. ఆ పద్దులన్నీ అతని సమాధి గోడల మీద శాసనంగా చెక్కి ఉన్నవి. ఈ దీవిలోని జనం కూడా ఊరు విడిచి పోలేదు. మునిగింది మునగగా మిగిలినచోట మళ్ళీ కట్టుకున్నారు. బైజాంటైన్ ప్రభువుల కాలంలోనూ కాపురాలు చేశారు. చివరకు ఊరు ఖాళీ అయినది సముద్రం వల్ల కాదు, అరబ్బుల ఓడ దండయాత్రల వల్ల. ఇళ్ళను నీరు ముంచినా వదలని మనుషులు, సాటి మనుషుల భయానికి వదిలిపోయారు.

దీవికి ఎదుట, ప్రధాన భూమి మీద, కాలెకోయ్ అనే పల్లె ఉన్నది. కాలె అంటే కోట, కోయ్ అంటే పల్లె. పూర్వపు పేరు సిమెనా. మోటారు కారు పోయే దారి లేదు. పడవలో రావాలి, లేదా కొండదారిన నడవాలి. రేవు పక్కనే నడిలోతు నీటిలో ఒక రాతి సమాధి ఒంటరిగా నిలిచి ఉన్నది. దాని మూత పడవను బోర్లించినట్టు ఉంటుంది. నాకు గుంటుపల్లి చైత్యగృహపు ముఖద్వారం జ్ఞాపకం వచ్చింది. లిసియా సమాధులకూ మన చైత్యాలకూ గల పోలికను గురించి ఆనంద కుమారస్వామి వ్రాశాడు.

కొండ మీద మధ్యయుగపు కోట. దాని లోపల, బండను తొలిచి చేసిన బుల్లి నాటకశాల ఒకటి, మూడు వందల మందికి సరిపోయేది. దిగివచ్చేటప్పుడు ఇళ్ళ అరుగుల మీద ఆడవాళ్ళు కొండమూలికలు, అంచు అల్లిన తలగుడ్డలు అమ్ముతున్నారు. ఇంటిలో చేసిన ఐస్‌క్రీము కూడా ఉన్నది. వయసు మీరిన వారిని 'తెయ్‌జె' అని పిలవాలట, అంటే తల్లి అక్కచెల్లెలు. కొత్తవాళ్ళను కూడా పిన్నీ, పెద్దమ్మా అని పిలిచే మన తీరే.

సరంగుది ఈ పల్లెయే. మేము దిగి వచ్చేసరికి రేవులో కూర్చుని, కొండ మీది తన ఇంటిని చూపించాడు. "మా అబ్బాయికి పెళ్ళయింది. పక్కన ఒక గది వేద్దామంటే అనుమతి లేదు. పాత రాయి ఉన్నచోట కొత్త రాయి పెట్టరాదు. వాడు అంతల్యాలో అద్దె ఇంట్లో ఉన్నాడు" అన్నాడు.

"మరి కోపం రాదా?" అన్నాను.

"వస్తుంది" అన్నాడు. కొంచెం ఆగి, "మేమందరమూ సిమెంటు పోసుకుంటే, మీరంతా దేన్ని చూడడానికి వస్తారు? అప్పుడు నేను కూడా అంతల్యా పోవాలి" అని లేచి ఇంజను మొదలుపెట్టాడు.

తిరుగు ప్రయాణంలో గాలి లేచింది. ఈ తీరంలో మధ్యాహ్నం మళ్ళితే అది మామూలేనట. పడవ ఊగుతుంటే అందరమూ పైకప్పు దిగి కూర్చున్నాము. నా మనసు మాత్రం మన నాగార్జునసాగరం మీదకు పోయింది. అక్కడ కూడా ఒక మునిగిన ఊరున్నది: ఇక్ష్వాకుల విజయపురి. దానిని భూకంపం ముంచలేదు. పొలాలకు నీళ్ళ కోసం మనమే తెలిసి ముంచుకున్నాము. 1955లో ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. 1954 నుంచి 1960 దాకా త్రవ్వకాలు సాగించి, ముఖ్యమైన కట్టడాలను రాయి రాయిగా విప్పి, కొండ మీదా, అనుపులోనూ మళ్ళీ నిలబెట్టారు. అనుపులోని మెట్ల రంగస్థలం అట్లా వచ్చిందే. ఆ లోయలో రోమను బంగారు నాణేలు కూడా దొరికాయి. మధ్యధరా దేశాల డబ్బు మన కృష్ణ ఒడ్డు దాకా నడిచి వచ్చిందన్నమాట. ఆ లోయలోనే ఇళ్ళూ పొలాలూ ఉన్నవారు, తమ రాళ్ళను ఎవరూ విప్పి తేకుండానే, లేచిపోవలసి వచ్చింది. ఆ నీళ్ళతో పండిన అన్నం తిని పెరిగినవాణ్ణి నేను. ఎవరినీ తప్పు పట్టను. కాని కట్టడాల సంగతి వస్తుప్రదర్శనశాలలో ఉన్నది. ఆ ఇళ్ళ సంగతి వెతికితే గాని దొరకదు.

కాష్ రేవు చేరేసరికి ఆరు గంటలు కావచ్చింది. ఈ యాత్ర చేయదలచిన వారికి రెండు మాటలు: తలకు గుడ్డ, తాగడానికి నీళ్ళు తప్పక ఉంచుకోండి. మునిగిన ఊరు దగ్గరకు వచ్చేటప్పుడు కుడి ఎడమల ఏ పక్క కూర్చోవాలో సరంగును ముందుగా అడగండి. మెట్లు ఒక పక్కనే కనిపిస్తాయి.

మాది గుంటూరు. నాగార్జునకొండ మాకు ఒక పూట ప్రయాణం. మా అమ్మాయి ఇంతవరకు దానిని చూడలేదు. ఈ దసరా సెలవుల్లో తీసుకుపోతాను.