మా కడుపుల లెక్క

మా నాయనమ్మ మంత్రసాని. ఊళ్లె ఎందరి పిల్లలకో బొడ్డు కోసింది. పెద్దిళ్ల వాళ్లు దొడ్డిదారిన పిలిచేవాళ్లు, పని అయినంక అదే దారిన పంపేవాళ్లు. ఆమె కోడలు, అంటే మా అమ్మ, ఐదుగురిని కన్నది. ఒక్క కాన్పుకూ ఆమె నెత్తురు చూసినోళ్లు లేరు, బరువు తూచినోళ్లు లేరు. ఏ కాగితం మీదా మా అమ్మ కడుపు లేదు.

నేను ఏ.ఎన్.ఎం. అయిన. ఇప్పుడు కడుపుల లెక్క రాసే చెయ్యి మాదిగవాడదే. రిజిస్టర్ల ఒక గడి ఉంటది: 'పన్నెండు వారాల లోపు నమోదు'. ఆఖరిసారి ముట్టయిన మొదటి రోజు నుంచి వారాలు లెక్కగట్టాలె. మా ఆడోళ్లకు తారీఖులు తెల్వవు. "నాట్లప్పుడు ముట్టయిన వదినా, పత్తి ఏరంగ కాలే" అంటరు. నాట్లనూ బతుకమ్మనూ పట్టుకొని నేనే తారీఖు తీస్త. చంటిపిల్లకు పాలిస్తూ, మళ్ల ముట్టు రాకముందే నెల నిలిచినామెకు అదీ దొరకదు.

ఆ గడి ఎందుకంత ముఖ్యం? కడుపు మొత్తం 280 రోజుల లెక్క. పన్నెండు వారాలకు, అంటే 84 రోజులకు వస్తే 196 రోజులు మిగులుతయి. 180 రోజులు ఐరన్ గోలీలు మింగే వ్యవధి ఉంటది. 28 వారాలకు వస్తే మిగిలేది 84 రోజులే. నెత్తురు 11 గ్రాముల కన్న తక్కువుంటే రక్తహీనత, 7 కన్న తక్కువుంటే ప్రాణం మీదికి. ఆలస్యమైన రోజులను ఏ గోలీ తిరిగి తేలేదు.

"మీవాళ్లకు తెలివి లేదు, ముందు రారు" అంటరు మీటింగులల్ల. తెలివి కాదు, కూలి. కడుపని తెలిస్తే మేస్త్రి పనికి పిలవడు. పరీక్షకు పోతే ఆ రోజు కూలి పోతది. సబ్‌సెంటర్ ఊరి నడుమ ఉంటది, మా వాడ ఊరవతల. దసరా దాటితే సగం ఇండ్లకు తాళాలు, ఇటుక బట్టీలకు వలస. ఇవేవీ రిజిస్టర్ గడులల్ల లేవు.

ఒకసారి ఆరో నెల నడుస్తున్న చెల్లెను తోలుకపోయిన. "పదకొండో వారం అని రాయి, మన శాతం పడిపోతది" అన్నడు పై అధికారి. నేను రాయలే. ఆఖరి ముట్టు తారీఖుకు తొమ్మిది నెలల ఏడు రోజులు కలిపితే కాన్పు తారీఖు. ముట్టు తారీఖు మూడు నెలలు జరిపితే కాన్పూ మూడు నెలలు జరుగుతది. నిండు నెలల నొప్పులొచ్చిన రోజు, "ఇంక మూడు నెలలున్నయి, పో" అని ఆమెను వాపసు పంపొచ్చు. అందరి ముందు తిట్లు తిన్న. ఆ తారీఖు మాత్రం మార్చలే.

దేశం లెక్క చూడుండ్రి. మొదటి మూడు నెలల్లో పరీక్ష అయిన తల్లులు 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేల 58.6 శాతం, 2019-21 సర్వేల 70 శాతం. పెరిగింది, సంతోషమే. కానీ సర్వే అడిగేది బతికున్న ఆడదాన్ని. కాన్పుల పోయినామె జవాబు చెప్పదు. మా రిజిస్టర్ శాతమేమో, పేరు నమోదైనవాళ్లల్ల ఎందరు తొందరగా వచ్చిన్రన్న లెక్క. పేరెక్కకుండనే బట్టీల కన్నామె వచ్చినోళ్ల లెక్కల లేదు, రానోళ్ల లెక్కల లేదు. ఇంకొకటి. పేరు రాసుడు వేరు, చూసుడు వేరు. నెత్తురు చూడకుండ, బీపీ పట్టకుండ, కార్డు చేతుల పెట్టి పంపినా 'నమోదు' అయితది.

చదువుకుంటున్న తమ్ముళ్లారా, చెల్లెళ్లారా, జిల్లా శాతం చూసి ఆగకుండ్రి. వాడవాడకు లెక్క అడుగుండ్రి. ఎన్నో వారం పేరు రాసిన్రు, ఎన్నో వారం నెత్తురు చూసిన్రు, రెండు తారీఖులూ పక్కపక్కన పెట్టమనుండ్రి. వలసపోయినామెను, చచ్చిపోయినామెను కలిపి లెక్కగట్టమనుండ్రి. ఇన్నేండ్లు మమ్మల్ని లెక్కలకు తీసుకోలే. ఇప్పుడు దొంగలెక్కల కలుపుకుంటే ఒప్పుకోం.