మూడు పాత్రలు, ఒక నియమం

ఎనిమిది కొలతలు పట్టే పాత్ర నిండా నీళ్లున్నాయి. దాని పక్కన అయిదు కొలతలు పట్టేదొకటి, మూడు కొలతలు పట్టేదొకటి ఖాళీగా ఉన్నాయి. దేనిమీదా గీతలు లేవు. ఆ నీటిని నాలుగేసి కొలతల చొప్పున రెండు సమభాగాలు చేయాలి. ఈ చిక్కుప్రశ్న చాలా పాతది. 13వ శతాబ్దంలో జర్మనీలోని స్టాడే మఠాధిపతి ఆల్బర్ట్ కూర్చిన చరిత్ర గ్రంథంలోనే ఇది కనిపిస్తుంది. ఫ్రెంచి గణితవేత్త పాయిజాన్ (1781–1840) యౌవనంలో ఇటువంటి సమస్యను సాధించి గణితం వైపు మొగ్గాడని ఒక కథ ప్రచారంలో ఉంది.

దీనిని సెల్‌ఫోన్ తెరమీద ఆడుకునే చిన్న ఆటగా మలచడానికి పూనుకున్న రూపకర్త చేతిలో ఉన్నది ఒకే నియమం. పోయడం మొదలుపెడితే పోసే పాత్ర ఖాళీ కావాలి, లేదా రెండవది నిండాలి. మధ్యలో ఆపడానికి వీల్లేదు. ఆపవచ్చునంటే ఆట కంటి అంచనాగా మారిపోతుంది, ఆలోచనకు పని ఉండదు.

ఇక పాత్రల పరిమాణాలు. పరిష్కారం లేని సమస్యను ఇస్తే, ఆడేవారికి ఆ సంగతి తెలియదు. తమ తెలివినే నిందించుకుంటారు. ఆట చేయగల ద్రోహాలలో ఇంతకు మించినది లేదు. తెలుగునాట ఒకప్పుడు వాడుకలో ఉన్న కొలతలలో రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. ధాన్యం కొలవడానికి అవి ఎంతో అనుకూలం. చిక్కుప్రశ్నకు మాత్రం పనికిరావు. తవ్వ, మానిక మాత్రమే దగ్గరుంటే చెరువు గట్టున కూర్చున్నా సోలెడు నీళ్లు కొలవడం సాధ్యం కాదు. ఎన్నిసార్లు పోసినా సరిసంఖ్యలో సోలలే వస్తాయి. అయిదుకూ మూడుకూ ఒకటి తప్ప సామాన్య భాజకం లేదు. అందుచేత ఆ పాత్రలతో ఒకటి మొదలు ఎనిమిది వరకు ఏ కొలతనైనా రాబట్టవచ్చు.

ఎనిమిది, అయిదు, మూడు కొలతల పాత్రలలో ఈ నియమం ప్రకారం నీరు నిలవగల స్థితులు 16 మాత్రమే. వాటిని కాగితం మీద రాసి బాణాలతో కలిపితే ఆట మొత్తం కళ్లెదుట నిలుస్తుంది. ముందుగా అయిదు కొలతల పాత్రను నింపిన వారికి ఏడుసార్లు పోయడంతో పని పూర్తవుతుంది. మూడింటిని నింపినవారికి ఎనిమిదిసార్లు పడుతుంది. అయిదింటిని నింపి, దానితో మూడింటిని నింపితే అందులో రెండు కొలతలు మిగులుతాయి. అంతవరకు ఎవరైనా చేస్తారు. ఆ తరువాత మూడింటి నీటిని తిరిగి పెద్ద పాత్రలోనే కుమ్మరించాలి. సాధించినదంతా పోగొట్టుకుంటున్నట్లు తోస్తుంది. కష్టమంతా ఆ ఒక్క చోటనే ఉంది.

ఇంత చిన్న ఆటను ఎవరు ఆడతారన్న సందేహం రూపకర్తను విడిచిపెట్టదు. రంగులు చేరుద్దామా, చిల్లుకుండ పెడదామా, గడియారం బిగిద్దామా అని మనసు ఊగిసలాడుతుంది. 1995లో వచ్చిన ఒక హాలీవుడ్ చిత్రంలో అయిదు, మూడు గ్యాలన్ల పాత్రలతో నాలుగు గ్యాలన్లు కొలిచి బాంబును ఆపవలసి వస్తుంది. వెండితెరమీద ఆ ఉత్కంఠ బాగుంటుంది. కానీ ఆడేవారి మీద గడియారాన్ని పెడితే వారు ఆలోచన మాని తొందరపడతారు. చిల్లుకుండ మరీ అన్యాయం. నమ్ముకున్న ఒక్క నియమాన్నీ అదే చెరుపుతుంది.

చివరకు ఆటను మరొకరి చేతికిచ్చి, పక్కన మౌనంగా కూర్చోవలసిన ఘడియ వస్తుంది. ఆడుతున్న వారి వేలు అటూ ఇటూ తిరుగుతూ ఆరవసారి పోసేసరికి పాత్రలలో వరుసగా ఒకటి, నాలుగు, మూడు కొలతలు నిలిచాయి. మూడింటిని పెద్దదానిలో పోస్తే చాలు. రూపకర్త పెదవి బిగబట్టి చూస్తుంటాడు. ఆ వేలు నాలుగు కొలతలున్న పాత్రను ఎత్తి, పెద్దదానిలోకి పూర్తిగా ఒంపేస్తుంది. ఒక్క క్షణం ఆగి, ఏమి జరిగిందో చూసుకుని, మళ్లీ మొదటి నుంచి నింపడం మొదలుపెడుతుంది.