సాయంత్రం బడికి పదిహేను రూపాయలు

సాగర్ రోడ్డు మీద మాల్ దగ్గర మర్రిగూడ వైపు తిరిగితే ఫిబ్రవరికే చెల్కలు ఎండి ఎర్రగా కనిపిస్తాయి. పత్తి ఏరడం అయిపోయిన చేలల్లో కట్టె ఇంకా నిలబడే ఉంది. మర్రిగూడ మండలం పేరు చెప్తే బయటివాళ్లకు గుర్తొచ్చేది ఫ్లోరైడ్ నీళ్లు, వంకర్లు తిరిగిన కాళ్లు. శివన్నగూడెం అంశాల స్వామి బతుకంతా ఆ నీళ్ల మీదే కొట్లాడి 2023 జనవరిలో కన్నుమూశాడు. నేను వచ్చింది మాత్రం బడి కోసం. 2025లో పదో తరగతి పరీక్షలు మార్చి 21న మొదలయ్యాయి. ఫిబ్రవరి ఒకటి నుంచి మార్చి 20 దాకా, 38 పనిదినాలు, సాయంత్రం ప్రత్యేక తరగతులకు ఉండే పిల్లలకు తలా రోజుకు 15 రూపాయల అల్పాహారం ఇవ్వాలని ప్రభుత్వం చెప్పింది. అది బడిలో ఎట్లా నడుస్తుందో చూద్దామని మండలంలోని ఒక హైస్కూలుకు వెళ్లాను.

లాంగ్ బెల్ అయింది. చిన్న తరగతుల పిల్లలు గేటు దాటుతుంటే పదో తరగతి వాళ్లు వరండాలో వరసకట్టారు. పెద్ద అల్యూమినియం గిన్నెలో శనగ గుడాలు, పైన తరిగిన ఉల్లిగడ్డ, ఆవిరి ఇంకా పోలేదు. ఒకమ్మాయి గంటెతో కొలిచినట్టు వడ్డిస్తోంది. చివర నిలబడ్డ పిల్లవాడికి తక్కువ పడుతుందేమోనని మధ్యలో ఆగి గిన్నెలోకి తొంగి చూసి, ముందు ఇద్దరికి వేసే గంటె కొంచెం తగ్గించింది. రోజుకో తీరు పెట్టాలని మెనూ ఉంది: బొబ్బర్లు, పెసర్లు, పల్లీలు-బెల్లం, చిరుధాన్యాల బిస్కెట్లు, ఉల్లిగడ్డ పకోడీ.

లెక్కల సారు చేతిలో చాక్‌పీసు పట్టుకునే మాట్లాడాడు. ‘‘మధ్యాహ్నం తిన్న అన్నం సార్. నాలుగున్నరకు త్రికోణమితి చెప్తే కడుపు కాలుతున్న పిల్లకు ఏమెక్కుతది? ఇది లేని రోజుల్ల మేమే తలా ఇంత వేసుకొని బిస్కెట్ పుడలు తెప్పించేది.’’ పొద్దున బెల్లుకు ముందు ఒక గంట, సాయంత్రం ఒక గంట అదనంగా చెప్తున్నారు. అందుకు వాళ్లకు ప్రత్యేకంగా జీతం ఏమీ లేదు. ఆయన దాని గురించి ఫిర్యాదు చేయలేదు. కానీ నాకు అక్కడే అసలు విషయం తట్టింది. బడి సమయం పెంచాలంటే అందరూ టీచరు ఓపిక వైపే చూస్తారు. ఖర్చు మాత్రం పొయ్యి దగ్గర, బస్టాండు దగ్గర ఉంటుంది.

వంట చేసే అక్కకు నెలకు మూడు వేలు గౌరవ వేతనం. అది మధ్యాహ్నం అన్నం లెక్క. సాయంత్రం గుడాలకు పొయ్యి మళ్లీ ముట్టించాలి, గిన్నెలు మళ్లీ తోమాలి. ‘‘పిల్లలు తింటరని చేస్తున్న’’ అని, చెంగుతో చేతులు తుడుచుకుంది. అల్పాహారం ఇవ్వాలని రాసిన కాగితంలో శనగల ధర ఉన్నప్పుడు ఈమె గంట ధర కూడా ఉండాలి. ఇది నా గట్టి నమ్మకం.

ఇక బస్సు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడపిల్లలకు ఆర్టీసీలో టికెట్ పైసలు లేవు. అయితే ఆఖరు పీరియడ్ అయ్యే వేళకు వాళ్ల ఊరి వైపు బస్సు ఉంటేనే కదా ఆ ఉచితం అక్కరకొచ్చేది. తండా నుంచి వచ్చే ఒకమ్మాయి పాఠం వింటూనే కిటికీలోంచి రోడ్డు వైపు చూస్తోంది. అడిగితే, బస్సు పోతే నాన్న బండి మీద రావాలని, ఆయన కూలి నుంచి ఇంకా వచ్చి ఉండడని చెప్పింది. ఆమెకు ఆ గంట పాఠంలో సగమే అందుతోంది.

గంటలు కాక బడి రోజులే పెంచుదామనే వాళ్లు కూడా ఇదంతా లెక్కలోకి తీసుకోవాలి. 2009 విద్యాహక్కు చట్టం ఒకటి నుంచి ఐదు తరగతులకు ఏడాదికి 200 రోజులు, 800 గంటలు, ఆరు నుంచి ఎనిమిదికి 220 రోజులు, 1,000 గంటలు ఉండాలంటుంది. గంటలు కూడా చెప్పడమే ఆ చట్టంలో మంచి సంగతి. మార్చి 15 నుంచి మనకు ఒంటిపూట బడులు. అవి రిజిస్టర్లో నిండు రోజులే, పాఠంలో సగం రోజులు. ఏప్రిల్ 23న మూసే బడిని మే దాకా లాగితే రోజులు పెరుగుతాయి, ఈ ఎండల్లో గంటలు అంతగా పెరగవు.

సెలవుల్లో పనిచేసిన టీచరుకు ఆ మేరకు ఆర్జిత సెలవులు జమ చేసే నిబంధన ఉంది. కానీ వంటమ్మ గౌరవ వేతనానికి కేంద్రం ఇచ్చే వాటా పది నెలలకే. ఇదివరకు విద్యా వాలంటీర్లకు కూడా పది నెలలే ఇచ్చేవారు. అంటే మన బడి బడ్జెట్ పది నెలల కొలతకు కుట్టిన చొక్కా. 2016 కరువులో ఒకసారి ఆ కొలత దాటాం. రాష్ట్రంలో 231 కరువు మండలాలు ప్రకటించి, వేసవి సెలవుల్లోనూ మధ్యాహ్న భోజనం పెట్టారు. ఆ మే 13న స్వరాజ్ అభియాన్ కేసులో సుప్రీంకోర్టు కూడా కరువు ప్రాంతాలన్నిటా అలా పెట్టాలంది. ఆ డబ్బు అన్నానికే, పాఠానికి కాదు. అయినా సెలవుల్లో బడి పొయ్యి వెలిగించడం సాధ్యమేనని అది చూపింది.

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం 2006లో పది బడుల్లో ఏడాదికి 300 గంటలు పెంచింది. అప్పుడు పిల్లవాడికి 1,300 డాలర్ల చొప్పున కేటాయించింది. ముందు పైసలు, తర్వాత గంటలు. మన దగ్గర గంటలు ఎన్నో ఏళ్లుగా నడుస్తున్నాయి, పైసలు ఆఖరి 38 రోజులకు వచ్చాయి. తలకు 570 రూపాయలు.

అదీ పదో తరగతికే. బడి రిజల్ట్ అక్కడ కనిపిస్తుంది గనుక. నేను గేటు దగ్గరున్నప్పుడు ఇంటికి వెళ్తున్న ఆరో తరగతి పిల్లవాణ్ని తెలుగు వాచకం తీసి చదవమన్నాను. ఒత్తులొచ్చిన ప్రతిచోటా ఆగిపోయాడు. ఆ సాయంత్రం గంట వాడికి పదో తరగతి పిల్లలకన్నా ఎక్కువ అవసరం. నాలుగేళ్ల తర్వాత ప్రత్యేక తరగతిలో వాడికి త్రికోణమితి చెప్పాల్సి వచ్చేది ఈ లెక్కల సారే. ‘‘జూన్‌ల మొదలుపెడితే ఫిబ్రవరిల ఇంత ఉరుకులాట ఉండదు సార్’’ అన్నాడాయన.

రోజుకు అదే 15 రూపాయలు, 220 రోజులకు లెక్క కడితే పిల్లవాడికి 3,300 అవుతుంది. దానికి వంటమ్మ గంట ధర, సాయంత్రం ఆరింటి బస్సు కలిపి ఆరో తరగతి నుంచి ఇవ్వాలని నేను అడుగుతున్నాను.