వాడి ముద్ద లెక్కపెట్టాలా?

మన ఇళ్లల్లో పిల్లాడు ఒళ్లు చేస్తే దిష్టి తీస్తాం, చిక్కితే డాక్టరు దగ్గరికి పరిగెడతాం. అలాంటిది ఒక ఇంట్లో ఐదేళ్ల పిల్లాడికి క్యాన్సర్ వచ్చి, తగ్గి, వాడు బొద్దుగా ఇంట్లో తిరుగుతుంటే ఆ తల్లికి ఎంత ధైర్యంగా ఉంటుందో ఊహించండి. ఆవిడతో "బాబు బరువు ఎక్కువుందమ్మా, చూసుకోవాలి" అనడం ఎంత కష్టమో కూడా ఊహించండి.

మా పిన్ని కూతురు కొడుకు సంగతి ఇది. వాళ్లది తెనాలి. వాడికి వచ్చింది లుకేమియా, పిల్లల క్యాన్సర్లలో ఎక్కువగా కనిపించేది అదేనట. వైద్యం రెండున్నరేళ్లు సాగింది. మొదటి 8 నెలలు హైదరాబాదులో మా ఇంట్లోనే ఉన్నారు కాబట్టి వాడి తిండి నా కళ్లెదురుగానే నడిచింది. స్టెరాయిడ్ మాత్రలు వేసే వారాల్లో వాడిది మామూలు ఆకలి కాదు. రాత్రి 2 గంటలకి లేచి బంగాళాదుంప వేపుడు కావాలని ఏడ్చేవాడు. ఆ టైములో స్టవ్ వెలిగించి వేయించి పెట్టేవాళ్లం. మరికొన్ని వారాలు నోరంతా పుళ్లు, మంచినీళ్లు కూడా మింగలేకపోయేవాడు. అందుకని ఏది అడిగితే అది, ఎప్పుడు తింటే అప్పుడు. ఆ రోజుల్లో అలాగే పెట్టమని డాక్టర్లు కూడా చెప్పారు.

మాత్రలు ఆగిపోయాయి గానీ ఆ పెట్టే అలవాటు ఆగలేదు. వైద్యం అయిపోయిన రెండేళ్లకి, పదేళ్లు నిండకుండానే వాడు 48 కిలోలు. ఆ వయసు పిల్లలు 30 కిలోలకి కాస్త అటూ ఇటూగా ఉంటారు. పరీక్షలకి వెళ్లినప్పుడు డాక్టరుగారు ఆ మాట మెల్లగానే చెప్పారు. మా చెల్లెలు బయటికొచ్చి మెట్ల మీద కూర్చుండిపోయింది. "వాడు బతికితే చాలని మొక్కుకున్నా అక్కా. ఇప్పుడు వాడి ముద్ద కూడా లెక్కపెట్టాలా?" అంది.

దీనికేం చెప్తాం? ఆ వారమే ఇద్దరం వెళ్లి అక్కడి డైటీషియన్ అమ్మాయి దగ్గర కూర్చున్నాం. చిన్నపిల్లే, పాతికేళ్లుంటాయేమో, కానీ ఎంత ఓపికో. క్యాన్సర్ మందుల్లో కొన్ని ఏళ్ల తర్వాత గుండె మీద ప్రభావం చూపించవచ్చట. దాని మీద అధిక బరువు, బీపీ, షుగరు కూడా చేరితే ఆ గుండెకి ఇంకా బరువు. ఇంకో మందు కాళ్ల నరాల మీద పనిచేస్తుంది, అందుకే వాడు పరిగెత్తితే తడబడతాడు. పైగా ఇన్ఫెక్షన్ భయంతో రెండున్నరేళ్లు వీధిలోకే పంపలేదు. తోటిపిల్లలు సైకిలు నేర్చుకున్నారు, వీడు మంచం మీద ఫోను చూశాడు. ఇదంతా విన్నాక బరువుకి తిండొక్కటే కారణం కాదని, తనదే తప్పని కుమిలిపోనక్కర్లేదని మా చెల్లెలికి కాస్త ఊరట కలిగింది. తలకి రేడియేషన్ ఇచ్చిన పిల్లల్లో అయితే హార్మోన్లు కూడా చూడాలట. అందుకే ఎవరో చెప్పిన డైటు, ఉపవాసం, పొడులు ఈ పిల్లల దగ్గర పనికిరావు, డాక్టర్ని అడగాల్సిందే.

మాకు నచ్చిన మాట ఇంకోటి ఉంది. వాడు ఎదిగే పిల్లాడు, బరువు తగ్గించక్కర్లేదు, అక్కడే నిలబెడితే ఎత్తు పెరిగి అదే సర్దుకుంటుంది అంది. వాడికి వేరే కంచం, వేరే కూర అసలు వద్దంది. మార్చాల్సింది ఇంటి వంట.

అక్కడ మొదలైంది అసలు పని. నూనె లెక్క చూస్తే ఐదుగురికి నెలకి 7 లీటర్లు! అంటే మనిషికి రోజుకి 45 మిల్లీలీటర్ల పైమాటే. ఇప్పుడు 4 లీటర్లతో సరిపెడుతోంది. దొండకాయ ఆవిరి మీద ఉడికించి తాలింపు పెడుతోంది, వేపుడు ఆదివారానికి పోయింది. కంచంలో సగం కూరలూ పండ్లూ ఉండాలని మన హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థ వాళ్లూ చెప్తారు. మన కంచంలో సగం పైగా అన్నమే కదండీ! పాలల్లో కలిపే పొడి డబ్బా మానేశారు. పెద్దవాడికీ అదే తిండి, లేకపోతే "అన్నయ్యకి పెట్టి నాకు పెట్టవా" అని గొడవ. బరువు తూచే మిషన్ ఇంట్లో పెట్టలేదు, ఆసుపత్రిలో చూస్తే చాలు.

కష్టమైంది వాళ్ల నానమ్మగారితో. "చావు తప్పించుకొచ్చిన పిల్లాడి నోరు కడతారా?" అని రెండు రోజులు భోజనం మానేశారావిడ. కొంగు చాటున సున్నుండ పట్టుకెళ్లి ఇచ్చేవారు. వాదిస్తే లాభం లేదని సాయంత్రాలు వాణ్ణి కాలవగట్టు మీద నడిపించే పని ఆవిడకే అప్పజెప్పారు. ఆవిడ మోకాళ్లకీ, వీడి కాళ్లకీ ఒకటే వేగం. మొదట్లో 10 నిమిషాలు, ఇప్పుడు 40.

చుట్టాలకి మాత్రం ఒక్క మాట చెప్పాలి. ఆ మధ్య ఒక పెళ్లిలో ఒకావిడ "ఏం పెడుతున్నావే, ఇంత లావయ్యాడు!" అని వాడి ముందే అంది. ఆ ఎండాకాలమంతా వాడు జర్కిన్ విప్పలేదు. మీకు తెలిసిన ఇంట్లో ఇలాంటి బిడ్డ ఉంటే వాడి ఒంటి గురించి మంచీ చెడూ ఏమీ అనకండి, బాబ్బాబు.

ఆరు నెలలకి ఒకరోజు రాత్రి 11 గంటలకి ఫోను. "అక్కా, వాడి నిక్కరు నడుము దగ్గర జారిపోతోంది" అని వణికిపోతోంది. ఐదేళ్ల క్రితం జబ్బు అలాగే బయటపడింది మరి. నవ్వి కొట్టిపారేసే భయం కాదది. కారణం తెలియకుండా చిక్కితే చూపించుకోమని డాక్టర్లే చెప్తారు. మర్నాడే రక్తపరీక్ష చేయించారు. అన్నీ బాగున్నాయి. బరువు అదే 48, ఎత్తు 3 సెంటీమీటర్లు పెరిగాడు.

నెయ్యి చెంచా మాత్రం మా చెల్లెలు ఇంకా వదల్లేదు. ఒకటే చెంచా వేస్తుంది గానీ, గోపురంలా నిండుగా వేస్తుంది. డైటీషియన్ అమ్మాయికి ఆ సంగతీ చెప్పేసిందట. ఆ అమ్మాయి నవ్వి, కాగితం మీద "నెయ్యి 1 చెంచా" అని రాసుకుందట.