మా గురిగింజ భోజనము

పసిబిడ్డ యన్నము ముట్టని దినమున తల్లికి ముద్ద దిగదు. ఇది మన సోదరీమణులందఱు నెఱిగినదే. కాని యింటి కుక్క తినకున్నచో ఇల్లంతయు నట్లే తల్లడిల్లునని మాకు రెండేండ్ల క్రిందటివఱకు తెలియదు. మా యనుభవమును దాచుకొనక చెప్పినయెడల, మావలెనే ముద్దు చేసి కీడు చేయు గృహిణులు కొందఱైనను జాగ్రత్తపడుదురని యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మాది ప్రొద్దుటూరు. మా కుమార్తె చదువుకొను దినములలో తెచ్చిన తెల్లని బొచ్చుకుక్క యొకటి మా యింట నున్నది. మనవారు దీనిని పొమేరియన్ అందురు గాని, మన దేశమున నా పేరుతో తిరుగువానిలో పెక్కులు ఇండియన్ స్పిట్జ్ జాతివి. దాని బరువు 5 కిలోలు. మాది బంగారపు టంగళ్ల యూరు గనుక, పూర్వము కంసాలులు బంగారము తూచిన గింజ పేరే దానికి పెట్టి గురిగింజ యని పిలుచుకొంటిమి. అమ్మాయి యుద్యోగమునకై బెంగుళూరు పోవుచు, "అమ్మా, దీన్ని మాత్రం జాగ్రత్తగా చూసుకో" అని మా కప్పగించి వెళ్లెను. ఆ దినమంతయు గురిగింజ గడపవద్ద పండుకొని గిన్నెవైపు చూడనైన లేదు.

అమ్మాయిమీది దిగులని మే మనుకొంటిమి. దిగులు నిజమే. కాని తరువాత జరిగినదానికి మూలము మా తొందరపాటు. మఱునాడు రాగిసంకటి పెట్టితిమి. వాసన చూచి తల త్రిప్పుకొనెను. పావుగంటయైన నాగక పెరుగన్నము కలిపితిమి. రెండు మెతుకులు తినెను. పిమ్మట నన్నములో నేయి వేసితిమి. నేయి నాకి యన్నము విడిచెను. సాయంకాలము మా వారు తేనీటితో తిను బిస్కత్తులలో రెండు దానిముందు వేసిరి, కరకర నమిలెను. కాదన్నచో నంతకంటె రుచియైనది వచ్చునని యది ఆ దినముననే నేర్చుకొనెను. మేము మాత్ర మేమియు నేర్చుకొనలేదు.

అదిగాక దానికి ఇండ్లు మూడు. మా పుట్టినిల్లు పెన్న యొడ్డున నున్న జమ్మలమడుగు. మా యక్కగా రుండునది పులివెందుల. పండుగకో పనికో మేము పోవునపుడెల్ల గురిగింజయు కారెక్కును. జమ్మలమడుగున మా యమ్మ జొన్నసంకటిలో పాలు పోసి పెట్టును. ఆ పాలు సరిపడక దానికి విరేచనములు పట్టును. ఎదిగిన కుక్కలలో పెక్కింటికి పాలలోని చక్కెర యరుగదని యప్పటికి మాకు తెలియదు. పులివెందులలో మా యక్కగారు తోటలోని యరటిపండును, పిల్లలు తిను కేకులను పెట్టుదురు. "మీ యింట్లో తిననిది మా యింట్లో ఎట్లా తింటాందో చూడు" అని మూడిండ్లవారికి నొకరితో నొకరికి పోటీ. మా యమ్మ యొక్కతె మాత్రము, "ఆకలైతే అదే తింటాది లేమ్మా. నువ్వు దాని ముందర కూర్చోని బతిమాలొద్దు" అనెను. ఆ మాట మేము చెవిని బెట్టలేదు.

తుదకు మేము కనుగొన్న యుపాయము కోడిపులుసు. మావైపు ఎఱ్ఱగడ్డ యని పిలుచుకొను ఉల్లి లేనిదే మాయింట పులుసు చిక్కబడదు. కృష్ణాపురపు టుల్లి మన కడపసీమలో పండి విదేశముల కెగుమతి యగుట మనకు గర్వకారణమును గదా. ఆ పులుసు కలిపిన యన్నమును గురిగింజ గిన్నె మెఱయువఱకు నాకెను. ఉదయము ఎఱ్ఱకారము పూసిన దోశలో నొక ముక్క. ఎఱ్ఱకారమనగా మిరపయు, ఎఱ్ఱగడ్డయు, తెల్లగడ్డయు కలిపి నూరినదే. "ఇప్పుడు బాగా తింటాంది" అని యమ్మాయికి ఫోనులో సంతోషముగా చెప్పితిమి.

రెండు వారములు గడచునప్పటికి గురిగింజ మిద్దెమెట్లు ఎక్కలేకపోయెను. నాలుగడుగులు వేసి యెగరోజుచుండెను. మూత్రము చిక్కని తేనీటి రంగున నుండెను. ఒకనాడు మా యత్తగారు దాని పెదవి పైకెత్తి చూచి, "ఏమే, దీని చిగుళ్లు సున్నం కొట్టినట్లున్నాయి!" అనిరి. మా గుండె జాఱిపోయినది.

ప్రొద్దుటూరున 2008 నుండి పశువైద్య కళాశాల కలదు. పశువుల సంగతి తెలిసినవా రున్న యూరిలో నుండియు ముందుగా నొక మాట యడుగకపోతిమి గదా యని తలచుకొనుచు వైద్యుని కడకు పోతిమి. ఆయన దాని పండ్లు చూచిరి. పుచ్చిన పన్నున్నను కుక్క తినదట. పిడుదుల వలన వచ్చు జ్వరమును ఆకలిని చంపి రక్తమును హరించును గనుక రక్తము తీసి దానికై పరీక్ష చేయించిరి. ఆ రెండును లేవు. పిమ్మట "ఏమి పెట్టుతున్నారమ్మా?" అని యడిగిరి. పులుసు మాట చెప్పగానే ఆయన కలము క్రింద పెట్టిరి.

ఉల్లి, వెల్లుల్లి జాతులలోని గంధక సంబంధమైన పదార్థములు కుక్క రక్తములోని యెఱ్ఱకణములను పగులగొట్టునని యాయన చెప్పిరి. ఉడికించినను, వేయించినను, పొడి చేసినను ఆ గుణము పోదు. కుక్క బరువులో కిలో యొక్కింటికి 15 మొదలు 30 గ్రాముల యుల్లి కడుపులో పడినచో రక్తమున మార్పులు కనబడును. 5 కిలోల గురిగింజకు 75 గ్రాములు, అనగా ఒక్క గడ్డ చాలును. దినదినము కొంచెము కొంచెముగా తినినను కీడే. ద్రాక్ష, ఎండుద్రాక్ష మూత్రపిండములను చెఱచును. చాక్లెట్టు గుండెకును నరములకును హాని. చక్కెర లేని మిఠాయిలలో వాడు జైలిటాల్ మహావిషము. ఉడికిన యెముక చీలి ప్రేగులను కోయును. బూజు పట్టిన వేరుసెనగలోని విషము కాలేయమును చెఱచును. మన సీమలో వేరుసెనగ లేని యిల్లు లేదు గనుక ఇదియు గుర్తుంచుకొనవలసినదే.

ఆ రాత్రి యమ్మాయి ఫోను చేసినపుడు, సంగతి దాచవలెననియే మొదట తోచినది. మందులతో నెమ్మదించిన పిమ్మట చెప్పవచ్చునని మా వారును అనిరి. కాని తన ప్రాణమువంటిదానిని మా చేతులలో పెట్టి పోయిన బిడ్డతో నబద్ధ మాడలేకపోతిమి. ఉన్నదున్నట్లు చెప్పితిమి. కొంతసేపు అవతల నుండి పలుకు లేదు. పిమ్మట, "నేనున్నప్పుడు నీకు తెలీకుండా చిప్సు పెట్టేదాన్ని లేమ్మా. నేను చేసిన అలవాటే" అనెను. మమ్ము నోదార్చుటకే యట్లన్నదని తెలిసియు కన్నీరాగలేదు. భారతారంభమున నిరపరాధియైన బిడ్డను కొట్టిరని సరమ యను దేవశునకము జనమేజయుని సభకు వచ్చి యడిగిన కథ మన మెఱిగినదే. మే మొక దెబ్బయు కొట్టలేదు, ముద్ద కలిపి నోటికందించితిమి. అయినను సరమ వచ్చి యడిగినచో మాకడ నుత్తరము లేదు.

ఉల్లి మానిపించి మందు లిచ్చిన పిమ్మట వైద్యుడు మాకు లెక్క నేర్పిరి. 5 కిలోల కుక్కకు ఊరక పండుకొనినను దినమునకు సుమారు 230 కేలరీలు కావలెను. ఇంట తిరుగాడు నెదిగిన కుక్కకు సుమారు 350 చాలును. ఒక చిన్న చెంచా నేతిలో 45, నాలుగు బిస్కత్తులలో సుమారు 100. ఈ రెండు పడినచో దినభోజనములో ఐదింట రెండు వంతులు తీరినట్లే. "పొద్దున్నుంచి ఏమీ తినలేదు" అని మేము వాపోవునాటికి దాని కడుపు సగము నిండియేయున్నదన్నమాట. చిఱుతిండి దినభోజనములో పదవవంతు మించరాదని యాయన చెప్పిరి.

ఇక నేమి పెట్టవలెను? కుక్క తోడేలు సంతతి గనుక మాంసమే పెట్టవలెనను వారు కలరు. 2013లో స్వీడను శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధనలో, పిండిపదార్థము నరిగించు జన్యువు కుక్కలలో తోడేళ్లకంటె నెక్కువ ప్రతులుగా నున్నదని తేలినది. మనుష్యుల పొయ్యి చెంత వేలయేండ్లు బ్రతికిన ఫలమిది. కనుక అన్నమును కొఱ్ఱలును దానికి పరాయివి గావు. అయితే ఇంటి వంటయంతయు మంచిదే యనుటయు పొరపాటు. అదే 2013లో అమెరికాలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ శాఖవారు కుక్కలకై వ్రాయబడిన 200 ఇంటివంటలను పరీక్షింపగా, నూటికి 95 వంటలలో ఏదో యొక పోషకము తక్కువయైనది. అన్నము, కోడిమాంసము మాత్రమే పెట్టినచో సున్నము చాలదు. రాగులలో సున్న మధికమే గాని, అంతమాత్రమున లోటు తీరదు. కావున రెండే మార్గములు: వైద్యుడు తూకములు వ్రాసి యిచ్చిన యింటివంట, లేదా సంచిపై ఎదిగిన కుక్కలకు సంపూర్ణమైన సమతులాహారమని వ్రాసియున్న ఆహారము.

మేము రెండవది యెంచుకొంటిమి. అందుకు కారణ మొకటి గలదు. శనివారము మా యింట మాంసము వండరు. మా యత్తగారు మొదట "గులకరాళ్ల మాదిరి ఉన్నాయే, ఇదేం కూడు?" అని మూతి ముడిచిరి. శనివారపు చిక్కు తీరునని చెప్పగా నొప్పుకొనిరి. చిన్న నోటికి తగిన చిన్న పలుకులు తెచ్చి, గోరువెచ్చని నీరు చిలికి పెట్టితిమి. కుక్క నాలుకకంటె ముక్కుతో నెక్కువ తినును. వెచ్చదనమునకు వాసన లేచును. పైన ఉప్పుకారములు లేక యుడికించిన కోడిముక్క చిటికెడు, శనివారము గుమ్మడి. పాత కూడులో క్రొత్తది కొంచెము కొంచెముగా కలుపుచు 10 దినములలో పూర్తిగా మార్చితిమి. దినమునకు రెండుమాఱులు, ఒకే వేళకు; 20 నిమిషములు చూచి, తినకున్న గిన్నె యెత్తివేయవలెను.

అన్నిటికంటె కష్టమైనది గిన్నె యెత్తుటయే. మొదటినాటి యుదయము అది రెండు పలుకులు కొఱికి మావైపు చూచెను. మా చేయి బిస్కత్తుల డబ్బామీదికి పోయినది. మా యత్తగారే మా చేయి పట్టుకొని యాపిరి. సాయంకాలము సగము తినెను. మఱునా డుదయమున గిన్నె ఖాళీ. అందఱికి నొకమాట: పాలు మఱచిన కొలది దినముల పిల్లకుక్కలను, మిక్కిలి చిన్నవానిని ఇట్లు పస్తుంచరాదు. ఎదిగినదైనను దినమంతయు ముట్టకున్నను, సోలిపోయినను అది గారాబము కాదు, జబ్బు, వెంటనే చూపింపవలెను.

తరువాత మూడు ఇత్తడి గిద్దలు కొంటిమి. వైద్యుడు చెప్పిన తూకము పోసి, ఎంతవఱకు వచ్చునో లోపల గీత గీయించితిమి. ఒకటి మా యింట నుంచుకొని, ఒకటి జమ్మలమడుగునకు, ఒకటి పులివెందులకు పంపితిమి. మా యక్కగారు చిన్నబుచ్చుకొనిరి. చిగుళ్లు తెల్లబడిన కథ చెప్పగా, "అయ్యో, అరటిపండు ముక్కన్నా పెట్టొద్దా?" అనిరి. గోరంత ముక్క పెట్టవచ్చునని చెప్పితిమి. అదియే ఇప్పటికి నామె హక్కు. మా యమ్మ మాత్రము గిద్ద చూచి నవ్వి, "నేను చెప్పిందానికి ఇత్తడి పోత పోయించినావు" అనెను.

నెలదినములకు చేసిన రక్తపరీక్షలో ఎఱ్ఱకణములు కోలుకొన్నవి. సంక్రాంతికి వచ్చిన యమ్మాయి మొట్టమొదట దాని పెదవి యెత్తి చిగుళ్లు చూచినది. ఏమియు ననక గిద్ద తీసి గీతవఱకు కొలిచి పోసినది. గురిగింజ తినుచుండగా మేమందఱమును మాట లేక చూచుచుంటిమి.

సోదరీమణులారా, మీ యింటి మూగజీవము తినకున్నచో ముందు పండ్లును చిగుళ్లును చూడుడు. పిదప ఆనాడు ఇంటివా రెవరెవ రేమి పెట్టిరో లెక్క వేయుడు. మీ యింట నున్నవారందఱికిని, మీ చుట్టముల యిండ్లకును ఒకే కొలత నేర్పుడు. పులుసు గిన్నె మాత్రము దాని కందకుండ పైన పెట్టుడు.