లోడర్ బకెట్‌కు పళ్లు పెట్టించే ముందు



చెరువులు ఎండుతున్నయి, మట్టి తోలే రోజులు దగ్గరికొచ్చినయి. చిన్న ట్రాక్టర్‌కు ముందు లోడర్ బిగించుకున్నవాళ్లు మా చుట్టుపక్కల ఊళ్లల్ల బాగా పెరిగిన్రు. వాళ్లల్ల చాలామంది అడిగేది ఒకటే మాట: "బకెట్‌కు పళ్లు పెట్టియ్యాల్నా? పెట్టిస్తే ఏ రకం?" ఫోన్ల సగం సగం చెప్పే బదులు మొత్తం ఒక్కసారి రాస్తున్న. కొంచెం పొడుగైతది, ఓపికగా చదువుండ్రి.

ముందు, పళ్లు ఎందుకు కావాలె? లోడర్‌తో వచ్చే బకెట్ అంచు నున్నగా, పార లెక్క ఉంటది. ఇసుక, వదులు మట్టి, కొత్త పెంట ఎత్తడానికి అది చాలు. ఎండిన చెరువు మట్టి అట్ల కాదు. పైన పెళ్లలు పెళ్లలుగా పగిలినా కింద ఇటుక లెక్క గట్టిగా ఉంటది. రెండేండ్లు కదపని పెంటకుప్ప కూడా అంతే, తొక్కి తొక్కి దిమ్మె కట్టి ఉంటది. నున్నటి అంచు దాంట్ల దిగదు, మీది నుంచి జారిపోతది. ఇంకా కిందికి ఒత్తితే ముందు టైర్లు లేస్తయి, ముందుకు తోస్తే వెనక టైర్లు జారుతయి. డీజిల్ కాలుతది, బకెట్ సగం కూడా నిండదు.

పార దిగని చోట మనం గడ్డపార పట్టుకుంటం. మన చేతుల బలం పెరిగిందా? పెరగలేదు. అదే బలం చిన్న మొన మీద పడ్డది, అందుకే దిగింది. బకెట్ పళ్లది కూడా ఇదే లెక్క. మా బకెట్ వెడల్పు 54 అంగుళాలు. 9 అంగుళాలకు ఒకటి చొప్పున 7 పళ్లు పట్టినయి. ఒక్కో పన్ను మొన అంగుళంపావు వెడల్పు. అంటే 54 అంగుళాల మీద పరుచుకునే బలం, మొదట నేలను తాకేటప్పుడు 9 అంగుళాల లోపు మీదనే పడుతది. నేల మీద ఒత్తిడి ఆరు రెట్లు. ట్రాక్టర్ మాత్రం అదే 27 హెచ్‌పీ ట్రాక్టర్.

అసలు ముచ్చట ఇదే. పళ్లు బండికి కొత్త బలం ఇయ్యవు, ఉన్న బలాన్ని ఒక్క చోటికి తెస్తయి. ఆ దెబ్బ నేలకు ఎంత తగులుతదో మన లోడర్‌కు కూడా అంతే తగులుతది. కాబట్టి పళ్లు ఎంచుకునేటప్పుడు నేల ఎంత గట్టిది అని ఒక్కటే చూస్తే సరిపోదు. మన బండిల అన్నిటికంటే నాజూకు జాగ ఏదో చూడాలె. చిన్న ట్రాక్టర్‌ల అది లోడర్ చేతులు, వాటి పిన్నులు, ముందు ఇరుసు.

పక్క ఊరి రైతు ఒకాయన లోడర్‌కు జేసీబీ పళ్లు నేరుగా వెల్డింగ్ చేయించిండు. గట్టు పక్కన తాటి వేరు కిందికి మూల పన్ను ఒక్కటే పోయింది. వేరును లేపుదామని బకెట్ మలిచేసరికి ఎడమ చేయి మెలిపడ్డది. వేరు మాత్రం రాలే. వెల్డింగ్ షాపుల పడి బండి నిలబడే వరకు మట్టి సీజన్ అయిపోయింది, కిస్తీ మాత్రం ఆగలేదు. జేసీబీ ఏడు టన్నులకు పైన బరువు ఉంటది. మన మినీ ట్రాక్టర్ లోడర్ లేకుండా ఒక టన్ను చిల్లర. దాని పళ్లు దాని బరువుకు చేసినవి.

ఇగ రకాలకు వద్దాం. మొదటిది, బకెట్ అంచుకే పళ్లు వెల్డింగ్ చేయించడం. ఖర్చు తక్కువ, కదలవు. కానీ మళ్లీ నున్నటి అంచు కావాలంటే దొరకదు. పైగా అంచు పట్టీ గట్టి ఉక్కు. సరిగా వేడి చేయకుండా, మామూలు రాడ్‌తో అతికితే అతుకు పక్కనే చీలిక వస్తది. రెండోది, అంచుకు రంధ్రాలు కొట్టి ఒక్కో పన్ను వేరేగా బోల్టులతో బిగించడం. పన్ను విరిగితే అదొక్కటే మార్చుకోవచ్చు. కానీ దెబ్బంతా ఆ బోల్టుల మీద పడుతది, పలుచటి అంచు అయితే రంధ్రం కాడ వంగుతది. మూడోది పళ్ల పట్టీ. ఒక మందపాటి పట్టీకి పళ్లన్నీ ముందే అతికి ఉంటయి. పట్టీ బకెట్ అంచు మీద కూర్చుంటది, రెండు పక్క గోడలకు బోల్టులు పడుతయి. అవి విప్పితే మళ్లీ పాత బకెట్టే. పట్టీల్లనే రంపం లెక్క చిన్న చిన్న పళ్లు కోసింది ఇంకొకటి ఉంటది. అది గడ్డి, చిన్న పొదలు కోస్తది, నేల మీద చాళ్లు తక్కువ పడుతయి. గట్టి మట్టిల మాత్రం పొడుగు పళ్లంత దిగదు.

చిన్న ట్రాక్టర్‌కు నేను పళ్ల పట్టీనే చెప్త. విప్పుకునే సౌకర్యం ఉంది, దెబ్బ 54 అంగుళాల పట్టీ మీదుగా అంచు మొత్తానికి పంచుకుంటది, పక్కలకు రంధ్రాలు తప్ప బకెట్‌ను ముట్టే పని లేదు.

పట్టీ చేయించేటప్పుడు ఈ కొలతలు చూసుకోండ్రి.

పన్ను పొడుగు. మా బకెట్ కింది పిన్ను నుంచి అంచు దాకా 24 అంగుళాలు. పళ్లు 5 అంగుళాలు ముందుకు వస్తే 29 అయితది. గడ్డపార బరువును దూరంగా పట్టుకున్నట్టే, మొన కాడ లేపే బలం దాదాపు ఆరోవంతు తగ్గుతది. అందుకే పొట్టి పళ్లు మేలు. నాలుగైదు అంగుళాలు దాటనియ్యొద్దు.

బరువు. అర అంగుళం మందం, 5 అంగుళాల వెడల్పు పట్టీ 54 అంగుళాల పొడుగుకు 17 కిలోల పైన తూగుతది. పళ్లు కలిస్తే 30 కిలోల దగ్గరికి పోతది. మా లోడర్ ఎత్తేదే 400 కిలోలు. అంటే ప్రతి బకెట్‌కు రెండు తట్టల మట్టి తక్కువ ఎత్తుతం. ఇంకా మందం పెడితే ఇంకా తక్కువ. షాపాయన "ముప్పావు అంగుళం పెట్టిద్దాం, జన్మల వంగదు" అంటడు. పట్టీ వంగకపోతే చేయి వంగుతదని ఆయన చెప్పడు.

పళ్ల రకం. జేసీబీ సైజు వద్దు. చిన్న ఎక్స్‌కవేటర్లకు వేసే, పిన్ను తీసి మార్చుకునే పళ్లు అడగండ్రి. మొన అరిగితే మొన ఒక్కటే మారుతది. నాగలికి కర్రు మార్చినట్టు.

కూర్చునే తీరు. ఇది అన్నిటికంటే ముఖ్యం. పట్టీ బకెట్ అంచుకు సందు లేకుండా ఆనాలె. ఆనితే తవ్వేటప్పుడు బలం అంచు మీదకు పోతది, బోల్టులు పట్టీ జారకుండా పట్టుకుంటయి అంతే. సందు ఉంటే బలమంతా బోల్టుల మీద పడి తెగుతయి, సందుల మట్టి దూరి పట్టీని లేపుతది. తల మీద 8.8 అని అచ్చు ఉన్న బోల్టులు, నైలాక్ నట్లు వేయించండ్రి. మొదటి రోజు పని అయినంక మళ్లా బిగించండ్రి.

ఉక్కు. లారీ కమాన్ పట్టీలతో చవకగా చేస్తమని కొందరు అంటరు. కమాన్ ఉక్కు గట్టిదే. కానీ మామూలుగా అతికితే అతుకు పక్కన గాజు లెక్క పెళుసైతది. ముందు వేడి చేసి, ఆరబెట్టిన 7018 రాడ్‌తో అతికి, మెల్లగ చల్లారనిచ్చే చెయ్యి దొరికితేనే ఒప్పుకోండ్రి. బేరం చేసేటప్పుడు ఇనుము కిలో లెక్క, పన్ను ఒక్కోటి లెక్క, కూలి లెక్క మూడూ వేరేవేరుగా రాయించుకోండ్రి. అప్పుడు ఎవరు ఎక్కడ ఎక్కువ అడుగుతున్నరో తెలుస్తది.

మా ఇంట్ల తమ్ముడు వెల్డింగ్ పళ్లే కావాలన్నడు. "విప్పుడు బిగించుడు ఎవరు చేస్తరన్నా, ఒక్కసారి అతికితే గొడవ పోతది" అన్నడు. వాని మాటల న్యాయం ఉంది, బండి నడిపేది ఎక్కువ వాడే. అయితే ఏడాదిల ఏ పని ఎన్ని రోజులు అని ఇద్దరం కూర్చొని కాగితం మీద రాసినం. గట్టి మట్టి, పెంటకుప్ప కలిపి నెల కూడా లేదు. మిగతాదంతా కల్లంల మక్కలు ఎత్తుడు, దుబ్బ సదును చేసుడు, పశువుల కొట్టం ముందు సిమెంటు గచ్చు గీకుడు. వీటికి పళ్లు పనికిరావు. గచ్చు పెచ్చులు లేస్తది, టార్పాలిన్ చినుగుతది, సదును చేసిన చోట చాళ్లు పడుతయి. పొలంల డ్రిప్ పైపు, బోరు కేబులు పోయిన చోట నున్నటి అంచు మీది నుంచి పోతది, పన్ను కింద దూరి పైకి పీకుతది. కాగితం చూసి తమ్ముడే పట్టీకి ఒప్పుకున్నడు. మీరు కూడా కొనే ముందు ఆ కాగితం రాసుకోండ్రి. మీకు ఏడాదంతా మొరం పనే ఉంటే లెక్క వేరే రావచ్చు.

పట్టీ బిగించినంక నడిపే తీరు మారాలె. వెనక కల్టివేటరో రోటవేటరో బరువుకు తగిలించుకోండ్రి, లేకుంటే బరువంతా ముందు ఇరుసు మీద పడి వెనక టైర్లు తేలుతయి. లో గేర్ల మెల్లగ పోయి పళ్లు దించండ్రి, దిగుతుంటే బకెట్ మలుచుకుంటూ పోండ్రి. దూరం నుంచి ఉరికొచ్చి గుద్దొద్దు. బకెట్ వెడల్పు మొత్తం మట్టిల పెట్టండ్రి, మూల పన్ను ఒక్కదానితోని రాయిని గానీ వేరును గానీ లేపొద్దు. అది లేవకుంటే వదిలిపెట్టి పక్కకు పోండ్రి. అదే రోజు గంట కిరాయికి జేసీబీని పిలిచినా లోడర్ చేయి కంటే తక్కువే అయితది.

ఇంకొక్క మాట. 2015ల మిషన్ కాకతీయ మొదలైనంక చెరువు మట్టి తోలుడు మళ్లీ ఊరూర అలవాటైంది. ఎర్ర చెలకలకు ఆ ఒండ్రు బంగారమే, నీళ్లు పట్టి ఉంచుతది. పళ్లు ఉన్నయి కదా అని ఒక్క చోటనే లోతుగా తవ్వుకుంటూ పోవద్దు. నల్ల ఒండ్రు పొర అయిపోయి రంగు మారితే అక్కడ ఆపి జరగండ్రి. కింద మట్టి పొలానికి పనికిరాదు. మనం వదిలిన గుంత వానకాలం నీళ్ల కింద కనబడదు. బర్రెలు దిగేది, పిల్లలు ఈతకు పోయేది అక్కడికే. పని అయినంక పట్టీ విప్పి, నున్నటి అంచుతో గుంత ఒడ్లు వాలుగా సదును చేసి రండ్రి. విప్పిన పట్టీని మొనలు గోడ దిక్కు పెట్టి దాచండ్రి, ఇంట్ల పిల్లలు తిరుగుతుంటరు.