వైర్లు తీసేశాక

మే 27

మేనకోడలు ఇంజినీరింగ్‌లో చేరబోతోంది. కొత్త లాప్‌టాప్ కొన్నారు. పొద్దున్నే ఫోన్ చేసి, "అత్తా, దీనికి బ్లూటూత్‌లో ఎన్ని తగిలించొచ్చు? మౌస్, కీబోర్డు, హెడ్‌ఫోన్స్, స్పీకరు, ఫోను, అన్నీ ఒకేసారి పడతాయా?" అని అడిగింది.

కాగితం మీద లెక్క ఏడు. మొదటి నుంచీ ఉన్న బ్లూటూత్ పద్ధతిలో ఒక లాప్‌టాప్ చుట్టూ ఒకేసారి పని చేసేవి ఏడింటికి మించకూడదు. ఆ ఏడు ఎవరికో తోచి పెట్టిన అంకె కాదు. ఒక్కోదానికి ఇచ్చే చిరునామా మూడు బిట్లు. మూడు బిట్లతో ఎనిమిది సంఖ్యలు వస్తాయి. సున్నాను అందరికీ కలిపి చెప్పే మాట కోసం పక్కన పెట్టారు. మిగిలినవి ఏడు. 2010లో వచ్చిన లో ఎనర్జీ రకానికి ఈ హద్దు లేదు. ఇప్పుడొచ్చే బ్లూటూత్ మౌస్‌లు, కీబోర్డులు చాలావరకు ఆ రకమే. అక్కడ ఎన్ని పడతాయన్నది లాప్‌టాప్‌లోని చిప్ మీద ఆధారపడి ఉంటుంది.

అయితే పేరు జాబితాలో కనిపించడం వేరు, పేచీ పెట్టకుండా పని చేయడం వేరు. మేనకోడలికి ఈ రెండో సంగతి చెప్పాలి. ఫోన్‌లో తేలేది కాదు, ఇంటికి రమ్మన్నాను.

మే 28

వైరు లేని ఈ వస్తువులన్నీ తిరిగే జాగా ఎంతంటే, 2400 మెగాహెర్ట్జ్ నుంచి 2483.5 దాకా. అంతే. బ్లూటూత్ ఇక్కడే, చిన్న యూఎస్‌బీ రిసీవర్ గుచ్చి వాడుకునే మౌస్ ఇక్కడే, పాత వైఫై ఇక్కడే. వంటింట్లో మైక్రోవేవ్ ఓవెన్ పని చేసేదీ 2450 దగ్గర.

తక్కువ శక్తితో ఈ పట్టీని వాడుకునే పరికరాలకు లైసెన్సు అక్కర్లేదని మన దేశంలో 2005లో నిబంధనలు వచ్చాయి. ఆ మినహాయింపు లేకపోతే మధ్యతరగతి ఇంట్లో బల్ల మీద వైఫై పెట్టె ఉండేదా? మంచి నిర్ణయం. కాకపోతే ఎవరూ ఏమీ అడగని చోటుకి అందరూ వచ్చి చేరతారు. మా అపార్ట్‌మెంట్‌లో ఫోన్ తీసి వైఫై జాబితా చూస్తే వేలితో కిందికి తోసుకుంటూ పోవాలి.

మే 30

ఈ ఇరుకులో బతకడానికి మొదటి రకం బ్లూటూత్ పట్టుకున్న ఉపాయం నాకు చాలా ఇష్టం. ఒకచోట కూర్చోదు. పట్టీని 79 గదులుగా చేసుకుని సెకనుకు 1600 సార్లు గది మారుతుంది. ఒక్కో గదిలో ఉండేది 625 మైక్రోసెకన్లు. ఏ గది తర్వాత ఏ గదో మాట్లాడుకునే ఇద్దరికీ ముందే తెలుసు. ఒక గదిలో రొద ఉంటే ఆ ఒక్క ముక్క పోతుంది, మళ్లీ పంపుకుంటారు. 2003లో దీనికి ఇంకో తెలివి తోడైంది: ఎప్పుడూ గోలగా ఉండే గదుల్ని గుర్తుపెట్టుకుని అటు వెళ్లకపోవడం. వైఫై ఆక్రమించిన భాగాన్ని వదిలేసి మిగతా చోట్ల గెంతుతుంది. ఎంత వదిలినా కనీసం ఇరవై గదులు చేతిలో ఉంచుకోవాలన్నది నియమం.

అయినా సమయం పంచుకోక తప్పదు. లాప్‌టాప్‌లో బ్లూటూత్ రేడియో ఉండేది ఒక్కటే. చాలా లాప్‌టాప్‌లలో అదీ వైఫైతో పాటు ఒకే కార్డు మీద, ఒక్కోసారి ఒకే యాంటెన్నాతో ఉంటుంది. వీధి కుళాయి దగ్గర చెంబు తెచ్చుకున్నవాళ్లు క్షణంలో పట్టుకుపోతారు, గంగాళం పెట్టినవాళ్లు కదలరు. మౌస్, కీబోర్డు చెంబులు. కొద్ది బైట్లు చెప్పి ఊరుకుంటాయి. హెడ్‌ఫోన్స్ గంగాళం. ధ్వనిని కుదించి పంపే మామూలు ఎస్‌బీసీ పద్ధతిలో పాట బాగా వినిపించాలంటే సెకనుకు 3 లక్షల బిట్లకు పైగా ఆగకుండా పోతూనే ఉండాలి.

కనుక మేనకోడలికి జవాబు: చెంబులు లాప్‌టాప్ మోసినన్ని పెట్టుకో, గంగాళం ఒక్కటే పెట్టు.

జూన్ 2

గెంతే ఉపాయం గురించి వెతికితే ఎప్పుడూ ఒక సినిమా తార పేరు వస్తుంది. హెడీ లామార్, 1914లో వియన్నాలో పుట్టింది. సంగీతకారుడు జార్జ్ ఆంథీల్‌తో కలిసి, రేడియోతో నడిపే టార్పెడోను శత్రువు దారి తప్పించకుండా ఉండే పద్ధతికి 1942లో అమెరికాలో పేటెంటు తీసుకుంది. పియానోకు ఉన్నట్టే అందులోనూ 88 ఫ్రీక్వెన్సీలు. అయితే బ్లూటూత్‌ను ఆమే కనిపెట్టిందని రాసేస్తున్నారు. అది నిజం కాదు. ఫ్రీక్వెన్సీ మార్చే ఆలోచన ఆమెకన్నా ముందూ కొందరికి ఉంది. బ్లూటూత్ పని స్వీడన్‌లో ఎరిక్‌సన్ సంస్థలో 1994లో మొదలైంది. దాన్ని రూపొందించినవాళ్లలో ముఖ్యుడు డచ్చి ఇంజినీరు యాప్ హార్ట్‌సెన్. లామార్ చేసిన పని గొప్పదే. దానికి లేనిది కలపనక్కర్లేదు.

జూన్ 4

పై అంతస్తు మాస్టారు లాప్‌టాప్ చంకలో పెట్టుకుని వచ్చారు. "మౌస్ పాడైందమ్మా, కొత్తది కొందామనుకుంటున్నా. ఏది మంచిదో చెప్పు" అన్నారు. ఎప్పుడు మొరాయిస్తోందని అడిగితే, రిటైరయ్యాక పాత ఫొటోలన్నీ హార్డ్ డిస్కులోకి ఎక్కించుకుంటున్నారట, ఆ పని పెట్టుకున్నప్పుడే ఎక్కువట.

అక్కడే దొరికిపోయింది. ఎడమ పక్కన రెండు యూఎస్‌బీ సాకెట్లు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాంట్లో హార్డ్ డిస్కు కేబుల్, రెండోదాంట్లో గోరంత మౌస్ రిసీవర్. మధ్య వేలెడు దూరం కూడా లేదు. ఫొటోలు కాపీ పెట్టి మౌస్ జరపమన్నాను. బాణం గుర్తు తెర మీద రెండంగుళాలు వెళ్లి ఆగింది, మళ్లీ ఒక్క దూకు దూకి మూలకు పోయింది. కాపీ ఆపమన్నాను. వెన్నలా జరిగింది. మళ్లీ కాపీ, మళ్లీ అదే తంతు. బీరువాలోంచి ఒక యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ కేబుల్ తీసి, రిసీవర్‌ను దాని చివర గుచ్చి, మౌస్ ప్యాడ్ పక్కన పెట్టాను. కాపీ నడుస్తూనే ఉంది, మౌస్ ఎక్కడా ఆగలేదు.

"అయితే తప్పు మౌస్‌ది కాదన్నమాట."

"కాదండి మాస్టారూ. హార్డ్ డిస్కు పక్కన పెట్టడం వల్ల వచ్చింది."

దీని వెనక సంగతి ఇంటెల్ 2012లోనే ఒక పత్రంగా రాసి బయటపెట్టింది. యూఎస్‌బీ 3.0 సెకనుకు 5 గిగాబిట్ల వేగంతో డేటా పంపుతుంది. ఆ వేగంలో పుట్టే విద్యుత్ రొద సరిగ్గా మౌస్, కీబోర్డు వాడే 2.4 నుంచి 2.5 గిగాహెర్ట్జ్ మధ్య కూడా పరుచుకుంటుంది. సాకెట్ నుంచి, కేబుల్ నుంచి, డిస్కు పెట్టె నుంచి బయటికి కారుతుంది. మౌస్ పంపే సిగ్నల్ చాలా నీరసమైనది. రిసీవర్ ఆ రొదలో దాన్ని ఏరుకోలేదు. మందులు రెండే: డిస్కుకీ కేబుల్‌కీ మంచి లోహపు కవచం ఉండటం, రిసీవర్‌ను దూరం జరపడం. మొదటిది తయారుచేసేవాళ్ల చేతిలో పని. రెండోది మనమే చేసుకోవచ్చు.

ఈ ఎక్స్‌టెన్షన్ కేబుల్ చిట్కా నాకు మొదట చెప్పింది సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో రిపేర్లు చేసే ఒక కుర్రాడు. కొత్త మౌస్ అమ్ముకోగలిగి ఉండి కూడా కేబుల్ ఇచ్చి పంపాడు.

జూన్ 5

నిన్నటి నుంచి ఒకటే ఆలోచన. రిసీవర్‌ను హార్డ్ డిస్కు పక్కన గుచ్చొద్దని పెట్టె మీద ఒక్క వాక్యం అచ్చు వేయడానికి ఎంతవుతుంది? కొన్ని గేమింగ్ మౌస్‌ల పెట్టెలో రిసీవర్‌కు చిన్న కేబుల్ కలిపి ఇస్తున్నారు. ఆ ఖరీదు పెట్టలేనివాళ్లకే ఆ కేబుల్ అవసరం ఎక్కువ.

జూన్ 9

ఆన్‌లైన్ క్లాసులో పిల్లలు నా గొంతు పాత ట్రంక్‌కాల్‌లా వినిపిస్తోందన్నారు. నాకూ వాళ్ల గొంతులు అలాగే వినిపించాయి. పాటలు మాత్రం అదే బ్లూటూత్ హెడ్‌ఫోన్స్‌లో శుభ్రంగా ఉంటాయి.

పాటలకు ఒక దారి, ఫోన్ మాటలకు ఇంకో దారి అని మామూలు బ్లూటూత్‌లో విడదీసి పెట్టారు. పాటల దారి ఒకవైపే వెళ్తుంది, స్టీరియో. మైకు తెరిచిన క్షణాన హెడ్‌ఫోన్స్ రెండో దారికి మారిపోతాయి. అక్కడ ధ్వని మోనో. సెకనుకు తీసుకునే నమూనాలు 8 వేలు, కొంచెం మెరుగైన పద్ధతి ఉంటే 16 వేలు. సీడీలో అవి 44,100. తేడా ఎందుకు వినపడదు!

చేయాల్సింది సులువు. సౌండ్ సెట్టింగ్స్‌లో వినడానికి హెడ్‌ఫోన్స్‌ని ఉంచి, ఇన్‌పుట్ దగ్గర లాప్‌టాప్ సొంత మైకును ఎంచుకోవాలి. మీటింగ్ యాప్‌లో కూడా అదే పెట్టాలి, లేకపోతే అది మళ్లీ హెడ్‌ఫోన్స్ మైకును లాక్కుంటుంది. తర్వాత క్లాసులో పిల్లల గొంతులు ఎవరివో చూడకుండా పోల్చుకోగలిగాను. పాఠం చెప్పేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. "అర్థమైంది మేడమ్" అన్నవాడికి నిజంగా అర్థమైందా లేదా అన్నది గొంతులోనే తెలుస్తుంది.

జూన్ 13

నాన్న వినికిడి యంత్రం ఆయన ఫోన్‌కు బ్లూటూత్‌తో కలుస్తుంది. లాప్‌టాప్‌కు కలవదు. డల్లాస్ నుంచి అన్నయ్య వీడియో కాల్ చేస్తే, పెద్ద తెర మీద మనవరాలిని చూడాలని లాప్‌టాప్ ముందు కూర్చుంటారు. చూస్తారు, వినపడదు. చిన్న తెర మీద వింటారు, కళ్లు ఆనవు.

కారణం వెతికితే కోపం వచ్చింది. వినికిడి యంత్రాల కోసం బ్లూటూత్‌లో అందరికీ ఒకే పద్ధతి చాలాకాలం లేదు. ఆపిల్ 2013లో తన ఫోన్ల కోసం ఒకటి తెచ్చుకుంది. గూగుల్ 2018లో ఆండ్రాయిడ్ కోసం ఇంకొకటి. లాప్‌టాప్‌లను పట్టించుకున్నవాళ్లు తక్కువ. 2020 జనవరిలో ఎల్‌ఈ ఆడియో అనే ఉమ్మడి పద్ధతిని ప్రకటించారు. 2022కి నిబంధనలు పూర్తయ్యాయి. విండోస్ 11లోకీ వచ్చింది. అయితే ఇటు లాప్‌టాప్, అటు యంత్రం, రెండింటికీ ఆ శక్తి ఉండాలి. పెట్టె మీద బ్లూటూత్ 5.2 అని ఉన్నంత మాత్రాన ఎల్‌ఈ ఆడియో ఉన్నట్టు కాదు. అమ్మేవాళ్లను ఆ పేరుతోనే అడగాలి.

ప్రస్తుతానికి దారి: టీవీ కోసం వినికిడి యంత్రాల కంపెనీలు అమ్మే చిన్న పెట్టె. దానికి లాప్‌టాప్ హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి వైరు కలిపాం. పెట్టె నుంచి నాన్న చెవికి వైరు లేదు. నాన్న ఇవాళ మనవరాలి తెలుగు పద్యం పూర్తిగా విని, రెండో పాదంలో యతి తప్పిందని చెప్పారు. పెద్దవాళ్లకు వినపడటాన్ని అదనపు సౌకర్యంగా లెక్కగట్టే పద్ధతి పోవాలి.

జూన్ 17

మేనకోడలు వచ్చింది. వచ్చేటప్పుడే యూఎస్‌బీలో గుచ్చే బ్లూటూత్ డాంగిల్ ఒకటి కొనుక్కొచ్చింది, లాప్‌టాప్‌లోనిదీ ఇదీ రెండు ఉంటే భారం సగమవుతుందని. విండోస్ ఒకసారికి ఒక్క బ్లూటూత్ రేడియోనే నడుపుతుంది. రెండోది కావాలంటే మొదటిదాన్ని డివైస్ మేనేజర్‌లో ఆపేయాలి. హెడ్‌ఫోన్స్ కోసమే చేసే ఆడియో డాంగిల్ వేరు. అది లాప్‌టాప్ కంటికి సౌండ్ కార్డులా కనిపిస్తుంది, బ్లూటూత్ సంగతి అదే చూసుకుంటుంది. డాంగిల్ వాపసు ఇచ్చి రమ్మన్నాను.

మేనకోడలి బల్ల మీద వస్తువులకు ఇలా దారులు పంచాం. హెడ్‌ఫోన్స్ ఒక్కటే బ్లూటూత్‌లో. కీబోర్డు, మౌస్ కలిపి ఒకే యూఎస్‌బీ రిసీవర్ మీద. లాజిటెక్ 2009లో తెచ్చిన యూనిఫయింగ్ రిసీవర్ ఒక్కటి ఆరింటిని మోస్తుంది, 2021లో వచ్చిన బోల్ట్ రిసీవర్ కూడా ఆరే. కానీ ఒకదాని మౌస్ రెండోదానికి కలవదు, కొనేటప్పుడు గుర్తు చూసుకోవాలి. వైఫైని 5 గిగాహెర్ట్జ్‌కు మార్చాం. మార్పుల్లో అన్నిటికన్నా ఎక్కువ మేలు చేసింది ఈ చివరిదే. మన వైఫై గోల తగ్గి 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో ఒక్కసారిగా చోటు దొరికింది.

ముందుముందు కీబోర్డును బ్లూటూత్‌లో కలిపితే తెర మీద అంకెలు చూపించి వాటిని కొట్టమంటుంది. చిరాకు పడొద్దని చెప్పాను. మనం కొట్టే ప్రతి అక్షరం, పాస్‌వర్డుతో సహా, గాలిలో వెళ్తోంది. 2016లో బాస్టిల్ అనే సంస్థ పరిశోధకులు చాలా కంపెనీల వైర్‌లెస్ మౌస్, కీబోర్డు రిసీవర్లలో లోపం బయటపెట్టారు. దూరం నుంచే ఎవరో మన లాప్‌టాప్‌లో అక్షరాలు టైపు చేసినట్టు పంపొచ్చని చూపించారు. రిసీవర్‌కు కంపెనీ అప్‌డేట్ ఇస్తే వెంటనే వేసుకోవాలి.

జూన్ 19

"మౌస్ ఉండగా మౌస్ ఎందుకత్తా?" అంది, వైరు మౌస్ సంచిలో పెడుతుంటే. వైరు లేని మౌస్ మొరాయించిన రోజు దాన్ని బాగుచేయడానికి కూడా ఇంకో మౌస్ ఉంటే సులువు. లాప్‌టాప్ ఇంకా పూర్తిగా లేవకముందు వచ్చే బయాస్ తెరల్లో బ్లూటూత్ కీబోర్డు చాలాచోట్ల పలకదు. యూఎస్‌బీ రిసీవర్ మీది కీబోర్డు మామూలు వైరు కీబోర్డులా కనిపిస్తుంది కాబట్టి అక్కడా పని చేస్తుంది. పరీక్ష రాసేవాళ్లు, పాఠం చెప్పేవాళ్లు ఒక్కటైనా వైరున్నది దగ్గర ఉంచుకోవాలి.

జూన్ 22

పార్క్ లేన్ వెళ్లాను, మేనకోడలికి ఎక్స్‌టెన్షన్ కేబుల్ కోసం. దుకాణం ముందు అట్టపెట్టె నిండా పారేసిన వైర్‌లెస్ మౌస్‌లు. కొన్నిటికి కింద రిసీవర్ ఇంకా గుచ్చే ఉంది. అందులో ఎన్ని నిజంగా చెడిపోయాయో, ఎన్ని మాస్టారి మౌస్ లాంటివో.

మీ మౌస్ ఆగి ఆగి నడుస్తుంటే పారేయకండి. ముందు బ్యాటరీ మార్చండి, హార్డ్ డిస్కు తీసి చూడండి, రిసీవర్‌ను ఎక్స్‌టెన్షన్ కేబుల్‌తో ఒక మూర దూరం జరపండి. అప్పటికీ కదలకపోతే అప్పుడు కొనండి.